గైడు కింద కాగితం

సగం కట్టిన భవనం, మూడో అంతస్తు. కిటికీలకి ఇంకా తలుపుల్లేవు. పెద్ద వడ్రంగి మేస్త్రి, ఆయన కోడలు, వాళ్ళ మధ్య వైరు లేని టేబుల్ రంపం.

"బొమ్మ. బొమ్మ అని రాయి."

"బొమ్మ అని రాయడానికి గడి లేదు మావయ్యా. బరువు అని ఉంది. ఎంతని రాయను?"

"చిన్నపిల్లాడు తొక్కే సైకిలంత అని రాయి."

"ఇరవై రెండు కిలోలు. మొయ్యడానికి ఎంతమంది కావాలని కూడా ఉంది."

"ఇద్దరు."

"నేనొక్కదాన్నే మోసుకొచ్చాను. మూడంతస్తులు. మీరు కింది నుంచి చూస్తూనే ఉన్నారు."

"చూశాను కాబట్టే అంటున్నాను. నువ్వు మొయ్యగలిగేది కూడా ఒక మిషనేనా? బరువుంటేనే కుదురు. మన పాతది చూడు, ఇద్దరు పట్టుకుంటే తప్ప కదలదు. ఒకసారి కూర్చుందంటే ఇంటి పెద్దలా కూర్చుంటుంది."

"ఆ ఇంటి పెద్ద వల్లే కదా మీ నడుం పోయింది."

"నడుం నాది. నీ కాగితం సంగతి నువ్వు చూసుకో."

"ఒకరు చాలు, అని రాశాను."

"రాసుకో. స్టోరులో ఉద్యోగంలో చేరి నెల తిరగలేదు, అప్పుడే మేస్త్రిలకి పరీక్షలు పెట్టేంతదానివయ్యావు."

"బిల్డరు గారికి సాయంత్రం లోపల ఇవ్వాలి. మీరు బాగుందంటే ఆరు సైట్లలోనూ ఇవే వస్తాయి. బాగాలేదంటే పాత మిషన్లే, పాత వైర్లే. ఆ మాట మీతోనే అన్నారుగా."

"అన్నాడు. వడ్రంగులెవరూ నా మాట తప్ప వినరని కూడా అన్నాడు."

"వినరు కదా మరి."

"వినరు."

"అందుకే సరిగ్గా చెప్పండి."

"ఇన్నాళ్ళూ వంకరగా చెప్పానా?"

"బ్యాటరీ పెడుతున్నాను. చెయ్యి తియ్యండి."

"టక్కున పెట్టేశావే. ఎవరు నేర్పారు?"

"కొట్టులో చూపించారు."

"ఒక్కసారి చూస్తేనే వచ్చేసిందా?"

"ప్లైవుడ్ ముక్క పట్టుకోండి. ఎనిమిదడుగులు, నిలువుగా కొయ్యాలి."

"నువ్వు బ్లేడు దగ్గరికి రాకు. అటు చివర పట్టుకో చాలు. ఊఁ... చప్పుడు కూడా సరిగ్గా లేదు. దోమలా ఉంది."

"మేస్త్రీ! ఏం నడుస్తోందక్కడ? ఎవరో మిక్సీ పెట్టారనుకున్నా!"

"వచ్చాడు రంగులాయన. ఇంక పనయినట్టే. నీ గోడలేమయ్యాయిరా?"

"గోడలెక్కడికి పోతాయన్నా. చూసిపోదామని వచ్చా. అబ్బ, ఏం కోత! అరటి బోదె కోసినట్టుంది. అయినా ఈ చప్పుడు నేనెక్కడో విన్నాను. మీ ఇంటి వెనక సందులో, మధ్యాహ్నం పూట. ఆ పక్కింటి గేటుకి రంగేస్తుంటే..."

"మీ బ్రష్షు ఎండిపోతుంది అన్నయ్యా. వెళ్ళి నీళ్ళలో పెట్టుకోండి."

"ఎండితే ఎండనీ అమ్మా. ఇలాంటిది చూడాలంటే రాసిపెట్టి ఉండాలి. మన బ్యాటరీ బాబు గనక ఉండి ఉంటే, గంతులేసేవాడు."

"ఏమన్నావు?"

"తప్పయిపోయింది. నోరు జారింది."

"వాడికో పేరుంది."

"ఉంది. కానీ ఆ పేరు పెట్టింది మీరే కదన్నా. మీ నోట విని మేమంతా..."

"కిందికి పో."

"పోతున్నా. అమ్మా, ఏమనుకోకు."

"ఏమీ అనుకోను అన్నయ్యా. మెట్లకి ఇంకా పిట్టగోడ లేదు, చూసి దిగండి."

"పోయాడా?"

"వెళ్ళిపోయారు. కానివ్వండి, ఇంకా చాలా ముక్కలున్నాయి."

"ఎన్నయ్యాయి?"

"ఇది పద్దెనిమిదోది. బ్యాటరీ మీద ఇంకా ఒక గీత వెలుగుతోంది."

"ఆ గీత కూడా ఆరిపోతే? చెక్క సగంలో ఉండగా ఆరిపోతే? ఆ ప్రశ్న ఉందా నీ కాగితంలో?"

"ఉంది. ఇదిగో. సగంలో ఆగిపోతే?"

"ఉందా! ఉలికీ స్క్రూడ్రైవరుకీ తేడా తెలీదు ఆ బిల్డరుకి. ఇదెలా తోచింది?"

"ఎవరైనా చెప్పి ఉంటారు. కరెంటు పోతే మన పాతదీ సగంలో ఆగేదే కదా?"

"అది కరెంటాఫీసు తప్పు. ఇది మిషను తప్పు."

"రెండో బ్యాటరీ సంచిలో ఉంది. మార్చడానికి ఎంతసేపు పడుతుందని రాయను?"

"ముక్కు చీదినంతసేపు. టేకు తే. ఆ ద్వారబంధం ముక్క తే. ప్లైవుడ్ ఎవడైనా కోస్తాడు."

"రెండున్నర అంగుళాల మందం. దీని బ్లేడు హద్దు అదే."

"మన పాతది మూడు కోస్తుంది. అర అంగుళం తక్కువ. రాసుకో."

"రాశాను. అది నిజమే."

"అది నిజమంటే, మిగతావి అబద్ధాలా?"

"కొయ్యండి మావయ్యా."

"చూశావా! చూశావా, ఆగిపోయింది! చెప్పానా లేదా? టేకుకి పనికిరాదు. పెద్ద అక్షరాలతో రాయి."

"మీరు నెట్టారు."

"నేనా?"

"భుజం పెట్టి నెట్టారు. రంపాన్ని నెట్టకూడదు, దాని ఆకలికి అది తింటుంది, మనం అందిస్తూ ఉండాలి. మీ మాటే కదా?"

"నీకెలా తెలుసు?"

"మీ అబ్బాయి చెప్పేవారు. వంకాయలు తరుగుతూ కూడా చెప్పేవారు."

"ఇంకో ముక్క పెట్టు."

"నెమ్మదిగా."

"నాకు చెప్పకు."

"కోసింది."

"కోసింది. మెల్లగా కోసింది."

"మెల్లగా, అని రాస్తున్నాను. మాడిన మచ్చ ఏమైనా ఉందా?"

"లేదు."

"స్విచ్చి తీశాక బ్లేడు ఆగడానికి?"

"నేను వేలు ఎత్తేలోపే ఆగింది. అది రాయమని నేననలేదు."

"రాసేశాను."

"తర్వాతది చదువు."

"తర్వాతది ఆఖరున చూద్దాం."

"చదవమన్నానా?"

"తడి నేల మీద."

"కొట్టెయ్."

"మావయ్యా..."

"ఆ గడి కొట్టెయ్యమన్నాను. ఎవరు రాశారది? నా మొహం మీద ఉమ్మడానికి రాశారా?"

"మీ మొహం గురించి కాదు. వానలొస్తే కింది అంతస్తులో నీళ్ళు నిలుస్తాయి. దీనికి గోడ నుంచి వైరు రాదు. వైరు రాకపోతే నీళ్ళలోకి కరెంటు రాదు. అవునో కాదో ఒక్క ముక్క చెప్పండి, చాలు."

"నీళ్ళలో నిలబడేవాడికి బుద్ధుండాలి."

"రబ్బరు చెప్పులు వేసుకునే నిలబడ్డారు."

"తెగి ఉంటాయి."

"చెప్పులు నా దగ్గరున్నాయి. తెగలేదు. వైరుకి వేసిన అతుకు ఊడింది."

"అను. ఆ అతుకు ఎవరు వేశారో అను. నలభై మూడు రోజుల నుంచి నోట్లోనే పెట్టుకున్నావు. అనెయ్, నీకూ తేలిగ్గా ఉంటుంది."

"టేపు మీరే చుట్టారు. ప్రతి సైటులోనూ ప్రతి మేస్త్రీ చుడతాడు. దానికి నేనేమీ అనను. ఆయన అడిగినప్పుడు మీరన్నది ఉంది చూడండి, దానికి అంటాను."

"ఏమన్నాను?"

"గుర్తులేదా?"

"పనిలో వంద మాటలంటాం."

"వైరు లేని మిషను ఒకటి కొందాం నాన్నా, ఈ అతుకుల గొడవ ఉండదు అన్నారాయన. మీరు అందరి ముందూ, ఒరే, వీడికి బొమ్మ కావాలటరా, ఇవాళ్టి నుంచి వీడు బ్యాటరీ బాబు అన్నారు. అందరూ నవ్వారు."

"వాడూ నవ్వాడు."

"నవ్వారు. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు."

"నాకు చెప్పలేదే."

"ఏమని చెప్పమంటారు? మీరన్నదానికి మీ కొడుకు అన్నం తినలేదనా? ఇంకో పేరు పెట్టేవారు."

"అమ్మాయ్."

"ఊఁ."

"ఇది బాగుందని నా చేత్తో రాస్తే, దాని అర్థమేమిటో నీకు తెలుసా?"

"తెలుసు."

"వాడు అడిగిననాడు తెచ్చి ఉంటే వాడు బతికేవాడని రాసినట్టు. తెలిసే తెచ్చావా దీన్ని ఇక్కడికి?"

"తెలిసే తెచ్చాను. ఇంకా ఐదు సైట్లలో అతుకు వైర్లున్నాయి. అక్కడ పనిచేసేవాళ్ళ ఇళ్ళలో నాలాంటివాళ్ళున్నారు."

"నాకొక్క వంక దొరకనీ. ఒక్కటంటే ఒక్కటి. అది దొరికితే చాలు, నాకు నిద్ర పడుతుంది."

"వెతకండి. నేను అడ్డం రాను."

"నా సంచిలో మూలమట్టం ఉంది, తే. నీ కాగితంలో ఉందా ఇది?"

"ఆఖరి గడి. మూలకి సరిగ్గా కోస్తుందా?"

"కొయ్యదు. చూడకుండానే చెబుతాను. పెట్టెలోంచి తీసిన కొత్త మిషను ఏదీ మూలకి కొయ్యదు. ముప్పై ఐదేళ్ళుగా చూస్తున్నాను. అర నూలు అటో, అర నూలు ఇటో తేడా ఉండి తీరుతుంది. చెక్కని ఆనించే ఈ గైడు సరిగ్గా కూర్చోదు. కొట్టువాడికి అమ్మడం తెలుసు, మట్టం చూడటం తెలీదు. ఆ పలక ఇలా ఇయ్యి."

"ఇదిగోండి."

"కోశాను. ఇప్పుడు మట్టం ఆనించి చూడు. వెలుతురు వైపు తిరుగు. సందులోంచి వెలుగు కనిపిస్తుంది, చూడు."

"కనిపించడం లేదు."

"కళ్ళజోడు తుడుచుకో."

"నాకు కళ్ళజోడు లేదు మావయ్యా. ఉన్నది మీకు."

"ఇటు తే. ఇంకోటి కోద్దాం. తిప్పి కోద్దాం... ఇదీ సరిగ్గానే ఉంది. ఎలా ఉంటుంది? గైడు తీస్తున్నాను, పట్టుకో."

"వద్దు. తియ్యకండి."

"ఏం, విరిగిపోతుందా? ఇదేమిటి కింద?"

"ఏముంది?"

"కాగితం మడత. గరుకు కాగితం, అరిగిపోయినది. రెండు మడతలు పెట్టి, గరుకు లోపలికి తిప్పి, చివర ఏటవాలుగా కత్తిరించి, గైడు వంకర తీరేలా పెట్టారు."

"కొట్టులో పెట్టి ఉంటారు."

"కొట్టులోనా? గరుకు లోపలికి తిప్పాలని కొట్టువాడికి ఎవరు చెప్పారు? కొత్త కాగితం జారుతుంది, అరిగినదే వాడాలని ఎవరు చెప్పారు? ఇది నా పని. మా నాన్న కూడా ఇలా పెట్టేవాడు కాదు. నేను కనిపెట్టుకున్నాను, ఒక్కడికే నేర్పాను."

"మావయ్యా, కూర్చోండి. ఈ పలక మీద కూర్చోండి."

"ఎప్పుడు కొన్నాడు?"

"వానలకి ముందు."

"కొట్టులోంచి తెచ్చానన్నావు."

"అది ఆయనదని చెబితే మీరు ముట్టుకునేవారు కాదు. ముట్టుకున్నా నిజం చెప్పేవారు కాదు."

"ఎక్కడుంది ఇన్నాళ్ళూ?"

"మా మంచం కింద. పాత దుప్పటి కప్పి."

"నేనూ ఆ ఇంట్లోనే ఉన్నాను కదే! రోజూ ఆ గది ముందు నుంచే కదా నడిచాను!"

"మీరు బయటికెళ్ళినప్పుడు వెనక సందులో పెట్టుకుని కోసి చూసుకునేవారు. అటు చివర నేను పట్టుకునేదాన్ని. బ్యాటరీ పెట్టడం అప్పుడే వచ్చింది."

"ఒక్కసారి చూపించి ఉంటే..."

"చూపించాలనే. ముందు దాన్లో మీరు పెట్టే వంక ఒక్కటీ మిగలకూడదన్నారు. నాన్న ఏమేం అంటాడో నాకు తెలుసు, వరసగా రాసిపెట్టుకుంటాను అన్నారు. ఇదిగో."

"ఇది బిల్డరు కాగితం కాదా?"

"బిల్డరు గారు అడిగింది మీ మాట, మీ సంతకం. ప్రశ్నలు మీ అబ్బాయివి. చూడండి. బరువు. సగంలో ఆగిపోతే. టేకు. తడి. మూలమట్టం."

"వాడి రాతే. గడుల గీతలు కూడా మట్టం పెట్టి గీశాడు."

"అన్నీ అయ్యాయి మావయ్యా. తడి ఒక్కటే ఖాళీగా ఉంది."

"పెన్ను ఇలా తే. కాగితం నువ్వు పట్టుకో."

"ఏం రాస్తారు?"

"తడి నేల మీద భయం లేదు. మిషను బాగుంది. వైరు మిషను ఒక్కటి కూడా ఏ సైటులోనూ ఉండకూడదు, ఉంటే నా మనుషులు పనిలోకి రారు. చాలా?"

"సంతకం."

"పెట్టాను. ఇప్పుడు నేనొకటి అడుగుతాను. ఆ కాగితంలో లేనిది."

"అడక్కండి."

"వానలకి ముందే కొన్నాడు. మట్టం చూసుకున్నాడు. నీతో పట్టించి కోసి చూసుకున్నాడు. మరి ఆ రోజు దీన్ని మంచం కింద వదిలేసి, ఆ పాతదాన్ని నాతో కలిసి ఎందుకు మోశాడు?"

"కాగితం ఇవ్వండి మావయ్యా. ఆఫీసు మూసేస్తారు."

"ఇవ్వను. చెప్పు. అంత తడిలోకి పాతదాన్ని ఎందుకు మోశాడు?"

"చెప్పాక నన్ను అనకూడదు."

"నిన్నేమంటాను? చెప్పు తల్లీ."

"ఆ పొద్దున ఒక్కరే పనికి వెళ్ళాలని దీన్నే బయటికి తీశారు. గుమ్మం దాకా తెచ్చారు. అంతలో మీరు స్నానాల గదిలోంచి కేకేశారు. ఉండరా, ఇవాళ నేనూ నీతో వస్తానని. వినగానే దీన్ని మళ్ళీ మంచం కిందికి తోసేశారు."