చెల్లెలి పాఠం

ఈజిప్టులోని లక్సర్, నైలు నదికి పడమటి ఒడ్డు. పడవ నడిపే హగ్గాగ్ ఇంట్లో అతని పెళ్లాం శర్బాత్‌కి ఇంగ్లీషు పాఠం జరుగుతోంది. తెల్లారితే శుక్రవారం, జిలియన్ దొరసాని టీకి వస్తుంది.

"మళ్లీ అను. వెన్ డిడ్ యూ కమ్?"

"వెన్ యూ కేమ్?"

"ఛీ! గోడకి చెప్పినా ఈపాటికి వచ్చేది. ప్రశ్నంటే మధ్యలో 'డిడ్' పడాలి. అయిపోయిన పనికి 'డిడ్', రోజూ ఉండేదానికి 'డూ'. పన్నెండేళ్లుగా దొరల్ని పడవెక్కిస్తున్నా, ఈ రెండు ముక్కలతోనే బతికాం."

"వెన్ డిడ్ యూ కమ్. ఎప్పుడొస్తే నాకెందుకు?"

"మర్యాద! ఇంటికొచ్చిన వదినని ఆడపడుచు పలకరించొద్దూ?"

"ఆడపడుచు..."

"ఏంటా చూపు?"

"ఏం లేదు, రెహాబ్ నాన్నా."

"ఇదిగో, ఇదే! ఆ పిలుపు మానమన్నానా? అన్నయ్యా అను. ఆవిడ ముందు నోరు జారావో, ఆవిడిచ్చే డబ్బు రాక పై అంతస్తు మొండిగోడలతోనే ఆగిపోతుంది."

"పై అంతస్తు ఎవరికి?"

"మనకే. అంటే, ముందు ఆవిడకి. ఏడాదికి రెండు నెలలేగా ఉండేది."

"ఆ రెండు నెలలూ నువ్వు పైనే."

"కాయితం పెళ్లి తల్లీ అది! లాయరు గదిలో ఓ సంతకం, అంతే."

"కాయితానికి అంత అత్తరు దేనికో."

"పాఠం, పాఠం! అను. డూ యూ లైక్ మై బ్రదర్?"

"అది నేనడగను."

"అడుగుతావ్. నవ్వుతూ అడుగుతావ్. లేదంటే మీ అన్న ఇంటికి పో. వాడి పెళ్లాం ఎండురొట్టె విసిరితే ఏరుకు తిను. పిల్ల మాత్రం ఇక్కడే ఉంటుంది."

"పిల్ల మాటెందుకు మధ్యలో?"

"అందుకే అడుగు."

"డూ యూ లైక్ మై బ్రదర్."

"నవ్వు."

"డూ యూ లైక్ మై బ్రదర్?"

"అబ్బో, ఎంత బాగా వచ్చిందో! ఇప్పుడు ఆవిడ అడుగుతుంది. వేర్ ఈజ్ యువర్ హజ్బెండ్?"

"నా మొగుడెక్కడని."

"ఆఁ. కువైట్‌లో పని చేస్తున్నాడని చెప్పు. హీ వర్క్స్ ఇన్ కువైట్."

"అంత పొడుగుమాటకి నా నోరు తిరగదు. చిన్నమాట ఒకటుంది, అదంటాను."

"ఏంటది?"

"హీ డైడ్."

"నీ నోట్లో మన్ను పడ! బతికున్నోణ్ణి, ఎదురుగా కూచుని టీ తాగుతున్నోణ్ణి..."

"నువ్వు నా అన్నవి కదా. నీకెందుకు కోపం?"

"శర్బాత్!"

"సరేలే, కువైట్ అంటా."

"ఆగు. ఆగాగు. చచ్చిపోయాడంటే... విధవ చెల్లెలు. తండ్రి లేని పిల్ల. ఆవిడది వెన్న మనసు, పడవలో కుంటిమేకని చూసి ఏడ్చింది. పిల్ల చదువు కూడా తనే చూసుకుంటానంటుంది!"

"అంటుందేమో."

"ఏమోనేంటే! నీకింత బుర్ర ఉందని ఇన్నాళ్లూ తెలీలేదే. డైడ్ అనే అను. రెండేళ్లయిందను. కొంగు కళ్లకద్దుకో."

"అలాగే."

"పిల్లని పిలు, దానికీ నేర్పాలి."

"దానికి నేర్పక్కర్లేదు."

"ఎనిమిదేళ్ల పిల్ల, ఏదో ఒకటి వాగేస్తుంది. రెహాబ్! ఇలా రామ్మా. దొరసాని అడిగిందనుకో, మీ నాన్నెక్కడే?"

"పోయాడు, మామయ్యా."

"శెభాష్! ఎప్పుడు నేర్పావే దీనికి?"

"నువ్వు లాయరు దగ్గరికెళ్లిన రోజు."

"భలే! చాల్లే తల్లీ, ఇప్పుడెవరూ లేరుగా. నాన్నా అను."

"అమ్మ వద్దంది, మామయ్యా. పోయినోళ్లు ఎంత పిలిచినా పలకరంట."