జానెడు గోడ

బిష్కెక్‌లో ఓ పాత అయిదంతస్తుల మేడ. మూడో అంతస్తులో సూయున్. ఫోన్‌లో అతని భార్య బార్చిన్. చెల్లెలి కూతురి పెళ్ళికని నరిన్ అనే ఊరు వెళ్ళింది.

"ఒక్క జానెడు, బార్చిన్. జానెడు దొరికిందంటే మన స్నానాల గది గదిలా ఉంటుంది."

"ఎక్కణ్ణుంచి తెస్తావు సూయున్? సంతలో అమ్ముతున్నారా?"

"గోడ కాస్త అటు జరిపితే..."

"అటంటే ఎటు? అటుపక్క పెద్దావిడ ఫైరూజా అపా వంటిల్లు."

"ఊరికే అంటున్నా. అనుకోవడమే కదా. కాగితం మీద గీస్తున్నా."

"గీసుకో. గీస్తే గోడలు కదలవు. ఇంతకీ ఏం గీశావు?"

"తొట్టి తీసేస్తే ఆ చోట బట్టల మిషను పడుతుంది. మూలన నిలబడి స్నానం చేయొచ్చు."

"నా తొట్టి జోలికొచ్చావంటే..."

"అదీ ఒక తొట్టేనా? కాళ్ళు ముడుచుకుని పడుకోవాలి."

"ముడుచుకునే పడుకుంటా. పొద్దస్తమానం కుట్టుమిషను తొక్కి వచ్చిన కాళ్ళు. గంటసేపు వేణ్ణీళ్ళలో నానితే తప్ప నావి కావు."

"నా సంగతి చూడవేం? ఇరవై రెండేళ్ళుగా ఎండ్రకాయలా అడ్డంగా నడుస్తున్నా. తల తుడుచుకుంటే రెండు మోచేతులూ రెండు గోడలకి కొట్టుకుంటాయి."

"గోడలు అక్కడే ఉన్నాయి. పెరిగింది నీ పొట్ట."

"సరే, సరే, తొట్టి ఉంచుదాం. అప్పుడు జానెడు కావాలి. ఒకవేళ, ఒకవేళే సుమా, గోడ దానంతటదే కాస్త..."

"దానంతటదేనా?"

"పాతబడింది కదా, పాపం."

"ఏదో గలగలమంది. ఏంటది?"

"చెంచా. టీ కలుపుతున్నా."

"నువ్వు టీ పెట్టుకున్నావా? టీపొడి డబ్బా ఎక్కడుందో తెలుసా నీకు?"

"తెలియక?"

"ఎక్కడుంది?"

"ఉండాల్సిన చోటే ఉంది."

"నాయనా, జామ్ ఇంకాస్త వేసుకో."

"సూయున్! ఎవరది?"

"రేడియో."

"రేడియో నిన్ను జామ్ వేసుకోమంటోందా?"

"ఈ మధ్య వంటల కార్యక్రమాలు ఎక్కువయ్యాయి."

"నిజం చెప్పు. ఇప్పుడు ఎక్కడున్నావు?"

"మన స్నానాల గదిలోనే. ఒట్టు. తొట్టి అంచు మీద కూర్చున్నా."

"మరి ఆ గొంతు?"

"అది వంటింట్లోంచి."

"మన వంటింట్లో ఎవరున్నారు?"

"మనది కాదు. అపా వంటింట్లోంచి. ఎదురుగా కనిపిస్తోంది. పొయ్యి, కెటిలు, పిల్లి..."

"గోడ?"

"పడింది."

"ఎంత?"

"పుచ్చకాయంత."

"సూయున్!"

"పెద్ద పుచ్చకాయ. అంటే... నేను అటు వెళ్ళి ఇటు రాగలిగినంత."

"నువ్వు పట్టేంతా! ఇంకేం మిగిలినట్టు? నీకు ఇంకెవరి గోడా దొరకలేదా? ఆరేళ్ళుగా ఆవిడతో నాకు మాటల్లేవని తెలిసీ... పొయ్యి మీద ఏమైనా ఉందా?"

"నూడుల్స్ పులుసు."

"పెళ్ళలు అందులో పడలేదుగా?"

"పక్కన పడ్డాయి."

"అన్నీనా?"

"ఒక్కటి పడింది. తీసేశాం. రుచేం మారలేదు."

"తిన్నావు కూడానా!"

"అరవకు, ముందు ఇది విను. గోడలో మన నీళ్ళ గొట్టం బయటపడింది. తుప్పు పట్టి జల్లెడలా ఉంది. ముట్టుకుంటే చాలు, ఇటుకలు తడిబెల్లంలా రాలిపోతున్నాయి."

"మన గొట్టమా?"

"మనదే."

"ఆవిడదేమో. సరిగ్గా చూడు."

"చేత్తో తడిమి చూశా, బార్చిన్. మనదే."

"ఆ రోజు వచ్చింది కదా మనింటికి. 'మీ గొట్టం కారుతోందమ్మా, నా గోడ తడిసిపోతోంది' అంది. నేనేమన్నానో గుర్తుందా?"

"ఇప్పుడవన్నీ ఎందుకు?"

"చెప్పు."

"'కారేది మా గొట్టం కాదు, నీ కళ్ళు' అన్నావు."

"వాళ్ళాయన్ని మట్టి చేసి అప్పటికి నెలైనా కాలేదు."

"కోపంలో అన్నావులే."

"మెట్ల మీద ఎదురైతే తల తిప్పుకుని పోయేదాన్ని. మొదట్లో కోపంతోనే. తర్వాత సిగ్గుతో. ఫోను ఆవిడకివ్వు."

"ఇప్పుడా?"

"సుత్తి పట్టడానికి ధైర్యం వచ్చిందిగా, ఫోను ఇవ్వడానికేం? ఇవ్వు."

"అపా, మా బార్చిన్. మీతో మాట్లాడుతుందట."

"ఊఁ. చెప్పమ్మా."

"అపా... ఒంట్లో బాగుందా?"

"బాగానే ఉంది. దుమ్ముకి కాస్త దగ్గు."

"పిల్లి?"

"మీ తొట్టిలో పడుకుంది. లెమ్మన్నా లేవడం లేదు."

"పడుకోనీండి. అపా, ఆ రోజు నేనన్న మాట... మనిషన్నది అనే మాట కాదు. గొట్టం మాదే. నోరూ నాదే. క్షమించండి."

"ఆయన వినుంటే నవ్వేవాడమ్మా. అబద్ధమేముంది? ఆ నెలంతా నా కళ్ళు అలాగే కారాయి."

"అలా అనకండి. ఆదివారానికల్లా వచ్చేస్తా. గోడ మేమే కట్టిస్తాం. మా ఆయనకి బుద్ధి లేదు, ఎదర ఉన్నది ఎవరిల్లో చూసుకోకుండా సుత్తి ఎత్తాడు. నన్ను రానీండి, ఆయన పని..."

"అతన్నేమీ అనకు. పాపం, టేపు పట్టుకుని తన మానాన తను కొలుచుకుంటున్నాడు. నన్ను చూసి కెవ్వున అరిచాడు కూడా."

"మరి గోడ పగలగొట్టింది..."

"నేనే. ఆరేళ్ళుగా తలుపు కొడుతున్నా, తీయవు. ఇక ఇవాళ గోడ కొట్టాను."