పొగ లేని పోస్టర్

ఫిల్మ్ నగర్‌లో గోడ కనబడకుండా సినిమా పోస్టర్లు అతికించిన ఆఫీసు అది. ఫ్యాక్టరీలకు సౌర విద్యుత్తు సలహాలిచ్చే కంపెనీ పెట్టిన ఆవిడ, ఇరవై ఏళ్లుగా టైటిళ్లు గీస్తున్న డిజైనర్ పక్కన కూర్చుని, కంప్యూటర్ వంక చూసి కళ్లద్దాలు తుడుచుకున్నారు.

“మా ‘తేటవెలుగు’ లోగో వెనక ఈ పొగేంటండీ?”

“పొగ లేకుంటే టైటిల్ లేవది మేడమ్.”

“పొగ మాన్పించడం మా పని. మీరేమో మాకే పొగబెట్టారు. రేపు పదింటికి మొదటి క్లయింటుకి చూపించాలి. ఇది చూస్తే గుమ్మంలోంచే పంపేస్తారు.”

“ఫికర్ చేయకుండ్రి, తీసేస్త. నిప్పురవ్వలుంచాల్నా?”

“రవ్వ ఉప్మాకి చాలు. తీసేయండి. ఈ గొడ్డలెందుకూ?”

“ఆడ ఖాళీ ఉండె. ఖాళీ కనబడితే నిర్మాతలు తిడ్తరు.”

“నేను తిట్టను. తీసేయండి.”

“ఇగ మిగిలిందేంది మేడమ్? మీ పేరు, పైన చిన్న సూర్యుడు.”

“ఆయన్నెప్పుడు వేశారు?”

“అందరికన్న ముందుగాల. వెలుగు ఎటుకెల్లి పడాల్నో యాదికుండేతందుకు ప్రతి పోస్టర్ల గీస్త, ఆఖర్ల తుడిచేస్త.”

“ఇరవై ఏళ్లుగా తుడిచేస్తున్నారా? ఈసారి ఉంచండి. అదే మా లోగో.”

“గింత సాదాగనా? కింద ‘త్వరలో’ అనన్న వేయనియ్యుండ్రి మేడమ్, చెయ్యి ఊకుంటలేదు.”

“త్వరలో ఏంటండీ, రేపు పదింటికే విడుదల.”