ముందు అన్నగారి మాట చెప్పిన సంజీవరావు గారు

1995 ఏప్రిల్ మూడో తేదీ పొద్దున గుంటూరు మీద ఆకాశం ఉన్నట్టుండి మబ్బు పట్టింది. మిర్చి యార్డు చుట్టుపక్కల జనమంతా మిరపకాయల బస్తాల మీద పట్టాలు కప్పుకునే హడావుడిలో ఉండగా, ఆ సందడిలోంచే సైకిలు నడిపించుకుంటూ వచ్చి, శ్రీ సంజీవరావు గారు బైబిలును తెలుగు చేసే మన లేఖన అనువాద కేంద్రంలో సహాయ అనువాదకులుగా చేరారు. వాన మాత్రం పడలేదు.

అద్దంకి దగ్గర పల్లెలో పత్తి తీసే తల్లికి రెండో కొడుకుగా పుట్టి, బెంగుళూరులో హీబ్రూ అభ్యసించి వచ్చిన వారికి ఆ విద్య వల్ల గర్వమూ రాలేదు, మాటలో తొందరా రాలేదు. 2008లో ప్రధాన అనువాదకులైన నాడు వారు పెట్టిన నియమం ఒక్కటే: ఏ పదం మీద వివాదం వచ్చినా ఎదుటివారి వాదాన్ని ముందు మనమే చెప్పాలి, "అవును, నేనన్నది ఇదే" అని వారు అన్నాకే మన వాదం మొదలుపెట్టాలి. సలహా మండలిలోని సంస్కృత పండితులు వెంకటనారాయణ గారు అది విని, "ఇది మా పూర్వపక్షమేనండీ! ఎప్పుడు పట్టుకుపోయారు?" అని నవ్వారు.

2014లో హీబ్రూ 'నెఫెష్' దగ్గర బండి ఆగింది. పాత అనువాదాల్లో దానికి చాలాచోట్ల 'ఆత్మ' అని ఉంది. మూలంలో ఆ నెఫెష్‌కు ఆకలి వేస్తుంది, దాహం వేస్తుంది, అది చచ్చిపోతుంది కూడా.

"ఆత్మకు దాహమేమిటండీ, మావాళ్ళు వింటే నవ్వరూ?" అన్నారు వెంకటనారాయణ గారు.

"మా అరబ్బీ 'నఫ్స్' దీని చుట్టమే. దానికీ చావుంది," అన్నారు మండలిలోని అరబ్బీ అధ్యాపకురాలు ఖుర్షిదా గారు.

సంజీవరావు గారు 'ప్రాణం' అని రాయడానికి నిశ్చయించారు.

ఆ కబురు వారి ఊరికి చేరింది. అన్నగారు దానియేలు గారు అక్కడి క్రైస్తవ సంఘానికి పెద్ద. తండ్రి పోయాక మిరపకోతలకు వెళ్ళి తమ్ముణ్ణి చదివించినవారు. బస్సు దిగి నేరుగా మా మండలి సభలోకి వచ్చి, నిలబడే అన్నారు: "ఏరా సంజీవా, ఆత్మ తీసేశావంటగా? ఆ పుస్తకం మా గుడి గడప తొక్కదు. నేను నీ ఇంట మెతుకు ముట్టను."

నియమం ప్రకారం సంజీవరావు గారు ముందు అన్నగారి వాదమే చెప్పారు. "అన్న అనేది ఇదండీ. నాన్నను మట్టిలో పెట్టిననాడు, పోయింది ఒళ్ళే, ఆత్మ దేవుడి దగ్గరుందని అమ్మకు చెప్పాడు. ఆ మాట పట్టుకునే అమ్మ లేచి మళ్ళీ చేనుకు వెళ్ళింది. ఇవాళ్టికీ అలాంటి తల్లులకు అన్న అదే చెబుతున్నాడు. నేనొచ్చి అది చచ్చిపోతుందని రాస్తే, వాళ్ళ ముందు అన్న ఏ మొహం పెట్టుకుని నిలబడాలి?"

దానియేలు గారు తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. "అవును. నేనన్నది ఇదే."

"ఇక నాది నువ్వు చెప్పన్నా."

"నీది నాకేం తెలుసురా!" అని వెళ్ళిపోయారు.

ఆ తరువాత ఏళ్ళ తరబడి ఆయన తమ్ముడి ఇంట భోజనం చేయలేదు. సంజీవరావు గారు పదం మార్చలేదు. అన్నగారిని పల్లెత్తు మాటా అనలేదు. పుట అడుగున మాత్రం 'ఆత్మ' అనీ చదువుకోవచ్చని సూచిక పెట్టించారు. అచ్చుప్రతులు సరిచూసే నేను ఎందుకండీ అని అడిగితే, "అన్న వాదం తప్పని నేను నిరూపించలేదుగా" అన్నారు. ప్రతి ముసాయిదానూ ముందు ఆ ఊరికే తీసుకువెళ్ళి గుడిలో చదివేవారు. దానియేలు గారు లోపలికి రాక బయట బల్ల మీద కూర్చునేవారట. "విననట్టు వింటారండీ మా బావగారు," అనేవారు సంజీవరావు గారి శ్రీమతి రెబ్కా గారు.

గత నెల చివరి సమీక్షకు దానియేలు గారు వచ్చారు. ఎవరూ పిలవకుండానే లేచారు.

"మావాడు అనేది ఇదండీ. ఆకలీ, ఏడుపూ ఉన్న మనిషి మొత్తాన్నీ ఆ 'ప్రాణం' అన్న మాట పట్టుకుంటుందంట. కోతలో ఎండిన గొంతు కూడా దేవుడి కంట్లో పడ్డదేనంట. చచ్చిన మనిషిని ఆయన నిలువునా లేపుతాడంట. అంటే మావాడు అమ్మ ధైర్యం ఏమీ తీసేయలేదు." తమ్ముడి వైపు తిరిగారు. "ఇదేనా?"

సంజీవరావు గారు లేచి నిలబడ్డారు. "అవునన్నా. నేనన్నది ఇదే."

"ఒప్పుకున్నానని కాదురోయ్. చెప్పటం వచ్చింది, అంతే."

ఈ నెలాఖరున విరమిస్తున్న సంజీవరావు గారు కంటిచూపు తగ్గక, నడక తడబడక, రెబ్కా గారితో కలిసి చిరకాలం చల్లగా ఉండాలనీ, మన తగువులు తీర్చడానికి అప్పుడప్పుడూ ఇటు వస్తుండాలనీ మనసారా కోరుకుంటున్నాను.

సమీక్ష ముగిశాక ఆ మధ్యాహ్నం అందరం వారింటికే వెళ్ళాం. రెబ్కా గారు పప్పు, గోంగూర వడ్డించారు. దానియేలు గారు తమ్ముడి పక్కన కూర్చుని అన్నం కలిపారు. అందరం తిన్నాం.