జవాయ్ అక్క నేర్పని దుంప

ఏంటీ, శని ఆదివారాల్లో టౌన్లో అడివి కూరలు ఏరడం నేర్పుతున్నారా? పేము చీల్చడం, వెదురుబొంగులో వండడం కూడానా? భలే. అయినా ఏమే సెందీ, అదేదో నిన్నగాక మొన్న నీ స్నేహితురాళ్ళు కనిపెట్టినట్టు చెప్తావేంటే! మన పొడుగింట్లో, ఇదే వసారాలో, ఇదిగో నువ్వు కాళ్ళు బారజాపుకున్నావే, అక్కడే బెతోంగ్ టౌన్నించి ఆడవాళ్ళు గుంపులుగా వచ్చి వరసగా పడుకునేవాళ్ళు. నేర్పిందెవరనుకున్నావు, జవాయ్ అక్క. నువ్వెరగవులే. మీ అమ్మే అప్పటికి ముక్కు చీదుకోవడం రాని పిల్ల. ఇంటి పొడుగునా కుటుంబానికో గది గదా, మా గదికి అటుపక్క గది ఆవిడది, మధ్యన చెక్కగోడ. ఆవిడ దగ్గితే నాకు వినపడేది, నేను మా ఆయన్ని తిడితే ఆవిడకి వినపడేది. మర్నాడు నీళ్ళరేవులో ఎదురుపడి, "పాపం, ఆ మనిషిని అంతలా ఉతికేశావేమ్మా, బట్టలకేం మిగిల్చావు" అనేది, మొహంలో నవ్వన్నది లేకుండా. పొట్టి మనిషి. పెళ్ళి చేసుకోలేదు. అడివిలోకి వెళ్తే మాత్రం మనం వెనకాల పరిగెత్తాల్సిందే.

ఎలా మొదలైందంటే, అప్పుడే రోడ్డు పడింది. ఏదో పండక్కి సిసిలియా అని ఒక టీచరు వచ్చింది. మన ఇబాన్ జాతి పిల్లే, కానీ టౌన్లో పుట్టి టౌన్లో పెరిగింది. విస్తట్లో మిదిన్ చిగుళ్ళు చూసి, "అవ్వా, ఇవి నేను బజార్లో కొనడమే గానీ నేల మీద ఎప్పుడూ చూళ్ళేదు, ఒకసారి తీసుకెళ్ళవా" అంది. అక్క ఆ పిల్ల కాళ్ళకేసి చూసి, "ఆ చెప్పులతోనా? నేను చూపించేది కూర కాదు, జలగల్ని" అంది. మరుసటి శనివారం ఆ పిల్ల మోకాళ్ళదాకా బూట్లేసుకుని దిగింది, కూడా ఇద్దర్ని వేసుకుని. ఆ తర్వాత శనివారం ఇంకో నలుగురు. ఇక చూస్కో. పొద్దున్నే బుట్టలు వీపుకి తగిలించుకుని వాగు వెంబడి పోవడం, చిగుళ్ళు, పుట్టగొడుగులు, చెట్టు కొట్టి లోపలి మొవ్వు తీయడం, సాయంత్రం వసారాలో కూర్చుని పేము చీల్చి బుట్టలల్లడం. వేళ్ళు కోసుకుని లబోదిబోమనేవాళ్ళు. మన ఇంటిపెద్ద ఎంపాంగ్ ఉండేవాడు, వాడి నోటికి తాళం లేదు. "మనం ఏడ్చుకుంటూ తిన్నవి వీళ్ళు కార్లేసుకొచ్చి నవ్వుకుంటూ తింటున్నారే, రేపు మన గోచీలు కూడా అడుగుతారేమో దాచుకోండర్రా" అనేవాడు. అంటూనే బియ్యపు కల్లు, తువాక్ కుండ తనే ముందు మోసుకొచ్చేవాడు. వాళ్ళు వచ్చిన రోజున ఇల్లంతా ఒక చివర్నించి ఇంకో చివరిదాకా సందడే. అక్క పైకి అనేది కాదు గానీ, శుక్రవారం సాయంత్రానికే చాపలు దులిపి పరిచేసేది. వాళ్ళేమో మర్నాటి పొద్దున గానీ రారాయె.

ఆఁ, ఆవిడ నేర్పనిదొకటుంది, దుంప. గడుంగ్ దుంప ఎరుగుదువా? తీగ మీద ముళ్ళు, మూడేసి ఆకులు. చూసుంటావు, ఎవరూ చెప్పి ఉండరు. పచ్చిది విషం. సన్నగా తరిగి, బుట్టలో వేసి, పారే నీళ్ళలో రోజుల తరబడి నానేసి, తొక్కి, మళ్ళీ నానేసి, పాలలాంటి నీరంతా పోయిందాకా ఓపిక పడితేనే తిండి. కొండవరి పండని ఏళ్ళలో మమ్మల్ని బతికించింది అదే. సరే, ఒక శనివారం దారిలో సిసిలియా ఆ తీగ చూసి, "అవ్వా, ఇది గడుంగేనా? మా నాన్న దీని రుచి గురించి ఒకటే చెప్తాడు" అని చెయ్యి వేసింది. అక్క ఆ చేతి మీద ఒక్కటి కొట్టింది. గట్టిగా. "దీని జోలికి రాకు. ఇది నేను నేర్పను" అంది. ఎందుకూ అంటే చెప్పదు. నేనున్నానుగా అక్కడ, నాకే వింతగా ఉంది. పాము కనపడ్డా బెదరకుండా పక్కకి తప్పుకుని పోయే మనిషి, ఆ వేళ మొహం తెల్లబోయింది. విషం అనైనా అనలేదు. అందరూ బుట్టలు సర్దుకుని ముందుకి నడిచారు.

ఆ పిల్లకి రోషం వచ్చినట్టుంది. రాదూ మరి? అంతమంది ముందు. ఇంకో రోజెప్పుడో తనే వచ్చి తవ్వుకుపోయింది. వాళ్ళ నాన్న ముసలాయన, మంచం పట్టినవాడు, చిన్నప్పుడు వాళ్ళమ్మ వండిన ఆ దుంప ఒక్కసారి తినాలని పలవరించేవాడట. ఈ పిల్ల బకెట్లో రాత్రంతా నానబెట్టి, ఉడికించి, కొబ్బరి చల్లి పెట్టింది. ఆయన ఇష్టంగా తిన్నాడు. తను కాస్తే తింది గనక బతికి బట్టకట్టింది. ఆయన దక్కలేదు.

వచ్చిందమ్మా, ఆయన పోయి నెల కూడా తిరక్కముందే వచ్చింది. మెట్ల దగ్గరే నిలబడింది, పైకి రమ్మన్నా రాలేదు. అరిచి ఉంటే బాగుండేది, అరవలేదు. "అవ్వా, రుచైనవి మీకోసం దాచుకున్నారనుకున్నాను. ఒక్క మాట చెప్పి ఉంటే పోయేదేముంది" అంది, అంతే, వెళ్ళిపోయింది. అక్క చేతిలో పేము బద్ద అలాగే ఉంది. ఆ తర్వాత శనివారం ఎవరూ రాలేదు. ఎందుకొస్తారు! విషం తినిపించే ఇల్లని బజారంతా చెప్పుకున్నారట. ఆవిడ మాత్రం చాపలు పరిచేది, సాయంత్రం చుట్టేసేది. చెక్కగోడ అవతల ఆ చప్పుడు వినలేక నేను రేవుకి పోయి కూర్చునేదాన్ని.

కొన్నాళ్ళకి ఒక పొద్దున ఎంపాంగ్‌ని పిలిచి, "బెతోంగ్ పోయి ఆ పిల్లతో చెప్పు, వచ్చే శనివారం గడుంగ్ నేర్పుతానని" అంది. వాడు పోయి చెప్పొచ్చాడు. అప్పటికే అక్క దుంపలు తవ్వి తెచ్చి, తరిగి వాగులో వేసేసింది. వేసిన దగ్గర్నుంచీ అక్కడే కాపలా. శనివారం వచ్చింది. సిసిలియా రాలేదు. టౌన్నించి పురుగు కూడా రాలేదు. వసారాలో ఉన్నదెవరు, నేనూ, ఎంపాంగూ, పొగాకు నములుకునే ఇద్దరు ముసలమ్మలూ. "ఎవరి కోసమే, లోపలికి రా" అన్నాను. వినలేదు. ఖాళీ చాపలకేసి తిరిగి కూర్చుని, అక్కడ ఆడవాళ్ళందరూ ఉన్నట్టే చెప్పడం మొదలెట్టింది. ఎంత సన్నగా తరగాలి, ముక్క ఎలా ఉంటే ఇంకా విషం ఉన్నట్టు, ముందు కోడికి ఎందుకు వెయ్యాలి, అన్నీ. చెప్తూ చెప్తూ, "మా తమ్ముడు బెలయోంగ్" అంది. ఆవిడకో తమ్ముడున్నాడని మాకెవరికీ తెలీదే! ఆవిడ ఏటి ఎగువనున్న ఇంకో ఇంట్లో పుట్టిన మనిషి. ఎలకలు పంటంతా మేసేసిన ఏడు, తల్లి వీళ్ళని వదిలి బియ్యం కోసం పోయిందట. దుంప వాగులోంచి తీయొద్దు, నేనొచ్చి తీస్తానంది. వాడు ఆకలికి ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. ఈవిడ అప్పటికి ఇంత పిల్ల. ఓర్చుకోలేక ముందే తీసి ఉడికించి పెట్టింది. తల్లి వచ్చేసరికి వాడు లేడు. "ఆ వేళ నాకు ఎందుకు తీయకూడదో మా అమ్మ చెప్పలేదు. ఊరికే తీయొద్దంది" అంది అక్క. అని, ఉడికిన ముక్క నోట్లో పెట్టుకుంది. తమ్ముడు పోయాక ఆవిడ అది తినడం అదే మొదలు. నమిలి మింగింది. తర్వాత ఎంపాంగే చెయ్యి చాపి, "నాకూ పెట్టు" అన్నాడు.

మళ్ళీ వానాకాలం రాకముందే అక్క పోయింది, జ్వరంతో. సిసిలియా వచ్చింది, లేదనకూడదు. ఆ చివర గుంజకి ఆనుకుని కూర్చుంది. వెళ్ళేటప్పుడు మెట్ల దగ్గర ఆపి నేనే చెప్పాను, ఇలా ఇలా, ఆవిడకో తమ్ముడుండేవాడు, ఇలా జరిగింది అని. చెప్పులు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "మరి నాతో ఎందుకు చెప్పలేదు పిన్నీ" అంది. నువ్వు చెప్పు, ఏం చెప్పేది...

...

ఆ చింపిరి కుక్క చూడు, మిరియాలు ఆరబోసిన చాప మీదే పడుకుంది. లే, లేచి దాన్ని తోలు.