కిష్టవ్వ కర్ర, అడవి తొవ్వ

నా ఈ పదవీ విరమణ సభను నడిపిస్తున్న శ్రీధర్ గారికి, జగిత్యాల నుంచీ మెట్‌పల్లి నుంచీ పనులు మానుకొని వచ్చిన పెద్దలకు, ముప్పై మూడేళ్లు నా కోపాన్ని భరించిన అటవీశాఖ మిత్రులకు, వెనక వరసలోనే కూర్చుంటానని మొండికేసిన కిష్టవ్వకు నమస్కారాలు. అవ్వా, ముందుకు రా. ఇవాళ నేను ఎవరి మీదా కేసు రాయను. (నవ్వులు)

ఇందాక అందరూ నేను అడవిని కాపాడానన్నారు. శాలువా కప్పారు కాబట్టి కాదనలేదు. కానీ పద్దెనిమిదేళ్ల కింద, మల్లాపూర్ అవతలి అడవిలో, నాయకపోడు గూడెం నుంచి గడ్డల కోసం వచ్చిన ఈ కిష్టవ్వను పట్టుకొని, అడవిని తవ్వేస్తోందని కేసు రాసి, ఆమె తవ్వే కర్ర లాక్కొని, అంతటితో ఊరుకోక, సాక్ష్యం కోసమని ఆమె పూడ్చిన గుంతలన్నీ మళ్లీ తవ్వించిన మొనగాణ్ని నేనే. ప్రతి గుంతలోనూ తీగతో పాటు గడ్డ తలకాయ మిగిలి ఉంది. దొంగసొత్తు దొరికినట్టు అన్నీ పీకించి సంచిలో వేయించాను.

ఆమె ఏడవలేదు, తిట్టింది. "తలకాయ ఇడిసి మన్ను కప్పితె మల్లొచ్చే వానలకు గడ్డ ఊరుతది సారూ. మా అవ్వ గట్లనే నేర్పింది. నేను తిన్నది బుక్కెడు. నువ్వు తీగనే సంపినవ్. గిప్పుడు చెప్పు, దొంగెవరు?"

జవాబు నాకు ఆ రోజే తెలుసు. చెప్పడానికి ఉద్యోగం అయిపోయేదాకా ఆగాను, అందుకు సిగ్గుగా ఉంది. నేనే, అవ్వా.

కేసు కొట్టేశారు గానీ కర్ర మా స్టోరు గదిలోనే ఉండిపోయింది. ఇదిగో. కొసన ఉన్న ఇనుప ములుకు తుప్పు నిన్న నేనే రుద్దాను. కంగారు పడకండి శ్రీధర్ గారూ, తిరిగి ఇవ్వడానికి కాగితం రాయించుకునే తెచ్చాను. (నవ్వులు)

ఇప్పుడు ఆ అడవికి కంచె వస్తోంది. మంచిదే, అడిగింది నేనే. అయితే అవ్వ గూడెంలోని పదహారు ఇళ్లవాళ్లు నడిచే దారిని కూడా మూసేస్తే, నేను గుంతల్లో చేసిన తప్పు అడవంతా చేసినట్టవుతుంది. ఆ దారి దగ్గర గేటు పెట్టమని రాశాను. సంతకం పెట్టాల్సింది, రేపు నా కుర్చీలో కూర్చునే వనిత గారు.

ఏంటవ్వా? "కర్రయితె ఇచ్చినవ్ సారూ, మరి తొవ్వ?" అంటోంది. వనిత గారు తల ఊపుతున్నారు. తల ఊపితే చాలదు మేడమ్, అడవిలో ఆకులూ ఊగుతాయి. మైకు తీసుకోండి.

"తొవ్వ ఉంటది, అవ్వా."

విన్నారుగా, హాలంతా సాక్షులే. ఈసారి సాక్ష్యం కోసం ఎవరూ ఏదీ పీకనక్కర్లేదు. మీ ప్రేమకు కృతజ్ఞతలు. రేపటి నుంచి నాకు యూనిఫాం లేదు. గడ్డ తల విడిచి తవ్వడం నేర్పుతానంటే, అవ్వా, నీ వెనకే వస్తాను. సెలవు.