అంకమ్మకి రాసిచ్చిన ఉత్తరం

— తాతా, నా దగ్గర చదివిన పిల్ల ఒకామె ఉద్యోగానికి సిఫార్సు ఉత్తరం అడిగింది. ఎట్ట రాయాల?

బాగుండాది. టీచరమ్మవై నాలుగేళ్ళన్నా కాలేదు, అప్పుడే సిఫార్సుల దాకా వచ్చినావే. అడగాల్సినోణ్ణే అడిగినావులే పాపా. ముప్పై ఏళ్ళ సర్వీసులో నేను రాసిన ఉత్తరాలన్నీ ఒకటే ఉత్తరం. 'ఫలానా వారు నాకు చిన్ననాటి నుండి తెలుసు. క్రమం తప్పకుండా బడికి వచ్చేవారు. సత్ప్రవర్తన, సేవాభావం కలవారు.' పేరొకటి మార్చేది, కింద సంతకం గీకేది. పోర్టులో ఆఫీసరైనోడికీ అదే సేవాభావం, తాగి స్టేషన్లో కూర్చున్నోడికీ అదే.

మొన్నామధ్య, మొన్న కాదులే, పోయిన తుఫానుకి ముందర, అంకమ్మ వచ్చింది. నీకు తెలీదు. విడవలూరు దాటినాక సముద్రం ఒడ్డున పాళెం బళ్ళో పనిచేసినా గదా, ఆడ నా దగ్గర చదివింది. మీ అవ్వ ఆ ఉప్పునీళ్ళు తాగలేనని నెల్లూర్లోనే ఉండిపోయింది, నేను రోజూ బస్సు. టిక్కెట్టు మూడు రూపాయలు, ఇప్పుడా మూడు రూపాయలిస్తే కండక్టరు మన మొహం గూడా చూడడు. ఏం చెప్తుండా? ఆఁ, అంకమ్మ.

మొగుడు పడవ మీద జారిపడి నడుం విరగ్గొట్టుకోని మంచాన ఉండాడు. ఈమేమో కంపెనీలో ఐసులో చేతులు పెట్టి రొయ్యలు వొలస్తా ఉండాది. వేళ్ళు ఐసునీళ్ళలో నానీ నానీ పాసిపోయి ఉండాయి పాపా, చూళ్ళేం. ఏదో సేవా సంస్థ వాళ్ళు పాళెంలో ఒక మనిషిని పెట్టుకుంటుండారంట. తుఫానొస్తే ముసలోళ్ళని షెల్టరుకి చేర్చాల, కడుపుతో ఉండేవాళ్ళని ఆస్పత్రికి తీసకపోవాల. 'చదువు చెప్పిన సారు ఉత్తరం కావాలంట సార్' అనింది. నాకేం పోయింది? కాఫీ చల్లారేలోపల రాసిచ్చినా. అదే ఉత్తరం. అంకమ్మ క్రమం తప్పకుండా బడికి వచ్చేదంట, చూడు. వారంలో మూడు రోజులు ఆమె మొహం కనిపిస్తే గొప్ప. నా బెత్తం తెలిసినంతగా నా పాఠం తెలీదు ఆమెకి.

ఇంటర్వ్యూలో మేడం అడిగిందంట, 'బడికి రోజూ పొయ్యేదానివా అమ్మా' అని. ఎవరైనా ఔననే అంటారు, ఉద్యోగం కావాల గదా. ఈ మహాతల్లి 'లేదు మేడం, చానా ఎగ్గొట్టేదాన్ని' అనింది. లెక్కలు రాలేదు, ఇంగ్లీషు రాలేదు, నిజం చెప్పేదొకటి వచ్చింది. అది నా దగ్గర నేర్చుకోలేదని నీకు తెలస్తానే ఉండాది గదా.

మర్నాడు ఆ మేడం నాకు ఫోన్. చానా మర్యాదగా, 'సార్, ఈ ఉత్తరం మీరే రాశారా? దొంగ ఉత్తరమేమో, ఆమె పేరు కొట్టేద్దామంటున్నారు మావాళ్ళు' అనింది. పెద్ద సారని పేరు గదా మనకి. నాకు గుర్తులేదమ్మా, వయసైపోయింది అని తప్పించుకుందామని నోటిదాకా వచ్చింది, అబద్ధమెందుకు. ఆ పాసిపోయిన వేళ్ళు కళ్ళముందర కనిపించినాయి. 'సంతకం నాదే తల్లీ, అబద్ధం గూడా నాదే, ఆమె చెప్పిందే నిజం' అన్నా.

'మరి ఎందుకు ఎగ్గొట్టేది సార్?' అనింది. తెలీదన్నా. కొట్టినా గానీ అడగలేదు.

అప్పుడు ఆ మేడమే చెప్పింది, ఇంటర్వ్యూలో ఎందుకని అడిగితే అంకమ్మ చెప్పిందంట. పాళెంలో చదువురాని ముసలోళ్ళని బస్సెక్కించి నెల్లూరు పెద్దాస్పత్రికి తీసకపొయ్యేదంట. బోర్డులు చదివి, చీటీ రాయించి, ఏ మాత్ర ఎప్పుడేసుకోవాలో చెప్పేదంట. పదకొండేళ్ళ పిల్ల. నేనేమో బళ్ళో పరోపకారం మీద పాఠం చెప్తా, దానికి రాలేదని మర్నాడు ఆమెని కొట్టేవాణ్ణి. ఉత్తమ ఉపాధ్యాయుడు గదా మరి.

ఉద్యోగం వచ్చింది. నా ఉత్తరం వల్ల గాదులే. వంజరం చేపలు పట్టుకోని వచ్చింది చెప్పిపోను. 'కొట్టినప్పుడు ఆస్పత్రికి పొయినానని చెప్పుండకూడదా మే' అన్నా. నవ్వింది. 'ఎందుకు రాలేదని అడిగితే గదా సార్ చెప్పేది. మీరు చెయ్యి చాపమనేవాళ్ళు, నేను చాపేదాన్ని' అనింది.

మీ అవ్వ పులుసు బ్రహ్మాండంగా పెట్టింది ఆ రోజు. నేనే రెండు ముద్దలు తిని లేచినా... సరే, పో, రాసుకో పో. ముందర ఆ పిల్లని పిలిపించి కూర్చోబెట్టుకోని మాట్లాడు. చల్లగుండు తల్లీ, నాకంటే మంచి టీచరువి కా. అదేమంత కష్టం గాదులే.